టైరు ప్రక్కగోడకు దెబ్బ తగిలినప్పుడు

ఈ దినములలో మా బుచ్చయ్యపేట ప్రాంతమున కారనునది ధనికుల యిండ్లలో మాత్రమే కానవచ్చు వస్తువు కాదు. విద్యార్థుల తలిదండ్రులలో కొందఱు కారును బాడుగకు నడిపి దానిమీదనే జీవించుచున్నారు. మఱికొందఱు పాతకారు నొకదానిని కొని, పెండ్లిండ్లకును, రోగులను అనకాపల్లికిని విశాఖపట్టణమునకును కొనిపోవుటకును వాడుకొనుచున్నారు. కావున టైరును గూర్చి వ్రాయుట పాఠశాల పత్రికకు తగదని చదువరులు తలపరని నమ్ముచున్నాము. మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యిది: "టైరు ప్రక్కన దెబ్బతిన్నది, గాలి మాత్రము దిగుటలేదు. మార్చవలెనా, అక్కఱలేదా?"

ప్రశ్న చిన్నది. కాని దీనికి సరియైన యుత్తరము చెప్పవలెనన్న టైరు లోపల నేమున్నదో ముందు తెలియవలెను.

టైరు రబ్బరుతో చేయబడినదని యందఱును అందురు. అది సగము సత్యము మాత్రమే. గాలి యొత్తిడిని ఆపునది రబ్బరు కాదు, రబ్బరులో దాగియున్న దారములు. మన యిండ్లలోని నులకమంచమును తలంచుకొనుడు. మంచముపై దుప్పటి పఱచినపుడు కంటికి కనబడునది దుప్పటియే, అయినను బరువును మోయునది నులక. టైరునందు రబ్బరు దుప్పటి వంటిది. పాలియెస్టరు మొదలగు గట్టి దారముల పొర నులక వంటిది. ఈ దారములు చక్రపు అంచును పట్టుకొను ఒక ఉక్కుతీగ కట్ట నుండి బయలుదేరి, ప్రక్కగుండా పైకెక్కి, నేలను తాకు భాగము క్రిందుగా పోయి, రెండవ ప్రక్కనున్న ఉక్కుతీగ కట్టకు చేరును. నేలను తాకు భాగమును మెకానిక్కులు ట్రెడ్డు అందురు. దాని క్రింద ఈ దారములతో పాటు ఉక్కుతీగలతో అల్లిన పట్టీలు కూడ నుండును. ప్రక్కభాగమున, అనగా సైడువాల్ అని పిలువబడు గోడయందు, ఆ ఉక్కుపట్టీలు లేవు. అచ్చట నున్నవి దారములును, వానిపై పలుచని రబ్బరును మాత్రమే.

ఇట్లేల చేసిరని విద్యార్థు లడుగవచ్చును. గాలితో నిండిన టైరునకు రాబర్టు విలియం థాంసన్ 1845లోనే హక్కుపత్రము పొందెను గాని అది వ్యాపించలేదు. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపులు తగ్గించుటకై యత్నించి, 1888లో దానిని మరల కనిపెట్టెను. ఆ తరువాత చాలకాలము టైరు దారములు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా వేయబడి, గోడ దళసరిగాను బిరుసుగాను ఉండెడిది. 1946లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ దారములను చక్రపు ఆకులవలె తిన్నగా అమర్చి, ట్రెడ్డు క్రింద ఉక్కుపట్టీలు వేసిన రేడియల్ టైరునకు హక్కు పొందెను. నేటి కార్లకు వేయునవి యిట్టివే. వీని గోడ మెత్తనిది. కావున ప్రయాణము సుఖముగా నుండును, టైరు తక్కువగా వేడెక్కును. ఆ మెత్తదనమే దాని బలహీనత కూడ. మన అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురమున 2022లో యొకోహామా వారి టైరు కర్మాగారము ప్రారంభమైనది. అందు తయారగునవి వ్యవసాయాది పనులకు వాడు పెద్ద టైర్లు. ప్రక్కగోడ సంగతి మాత్రము వానికిని తప్పదు.

దెబ్బ యెట్లు తగులుననగా, మన రోడ్లను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. భీమునిపట్టణము నుండి నర్సీపట్టణమునకు పోవు రోడ్డుపై చెఱకు ట్రాక్టర్లును రాతి లారీలును తిరుగును. వర్షకాలమున గోతులు నీటితో నిండి, లోతు తెలియకుండును. చక్రము గోతిలో పడి దాని అంచునకు కొట్టుకొనగానే, టైరు గోడ ఆ అంచునకును ఇనుపచక్రమునకును నడుమ రోకటిపోటు తిన్నట్లు నలుగును. పైరబ్బరు సాగునుగాన తెగదు. లోపలి దారములు సాగవుగాన తెగును. కావున బయట గాయమేమియు లేకయే లోపల ఎముక విఱిగినట్లగును. మఱియొక కారణము కలదు. ఎదుట లారీ వచ్చినపుడు ఎడమ చక్రములను మట్టిదారిలోనికి దింపి, మరల తారురోడ్డు మీదికి ఎక్కింతురు. వాననీటికి మట్టి కొట్టుకొనిపోయినచోట తారు అంచు కత్తివలె నిలిచియుండును. మేము చూచిన దెబ్బలలో నెక్కువ భాగము ఎడమవైపు టైర్లకే తగులుట యిందువలననే కాబోలు.

ఇక తీర్పు సంగతి. అన్నిటికంటె అపాయకరమైనది ఉబ్బు. గోడపై నిమ్మకాయ చెక్క యంత బుడిపె కనబడినచో, అచ్చట దారములు తెగినవనియు, గాలిని పలుచని రబ్బరు మాత్రమే ఆపుచున్నదనియు తెలిసికొనవలెను. విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. చిన్నకారు టైరులో చదరపు అంగుళమునకు 33 పౌండ్ల ఒత్తిడి గాలి యుండుననుకొందము. ఉబ్బు రెండంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు గలదైనచో వైశాల్యము 4 చదరపు అంగుళములు. ఆ చోటును లోపలినుండి నెట్టు బలము 132 పౌండ్లు, అనగా ఇంచుమించు 60 కిలోగ్రాములు. ఒక మనుష్యుని బరువును, నులక తెగిన మంచమున దుప్పటి మాత్రమే మోయుచున్నట్లు!

ఇది నిలిచియున్నప్పటి మాట. కారు కదలినపుడు గోడ ప్రతి చుట్టునకును ఒకమారు వంగి లేచును. 175/65 ఆర్ 14 అను గుర్తుగల టైరు నొకదానిని తీసికొందము. 175 అనగా మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అనగా ఆ వెడల్పులో నూటికి 65 వంతులు గోడ యెత్తు, అనగా సుమారు 114 మిల్లీమీటర్లు. 14 అనగా అంగుళములలో చక్రపు వ్యాసము. దీని చుట్టుకొలత ఇంచుమించు 1.83 మీటర్లు. కిలోమీటరునకు 546 చుట్లు. 50 కిలోమీటర్లకు 27,300 చుట్లు. ఒకేచోట ఒక తీగను ఇన్నిమారులు వంచినచో నేమగునో పిల్లలకు తెలియును. తెగిన దారముల ప్రక్కనున్నవి అధికభారము మోసి, అవియు తెగుచుండును. కావున ఉబ్బు పెరుగునే గాని తరుగదు. ఉబ్బు గల టైరును మార్చితీరవలెను. ఇందు రెండవ మాట లేదు.

"మా బావగారి కారు ఉబ్బిన టైరుతో ఆరు నెలలు తిరిగినది" అని చెప్పువారు ప్రతి గ్రామమునను గలరు. వారు అసత్యమాడుట లేదు. కొన్ని నిలుచును. అయితే ఏది నిలుచునో, ఏది మఱునాడే పగులునో పైనుండి చూచి చెప్పగలవాడు లేడు. ఎండకాలమున జాతీయ రహదారిపై వేగముగా పోవునపుడు, కారునిండ మనుష్యులున్నపుడు, అనగా టైరుపై భారమును వేడియు మిక్కుటముగా నున్నపుడే అది పగులుటకు ఎక్కువ అవకాశము.

గత సంవత్సరము ఒక విద్యార్థి తండ్రి మమ్ము ఈ విషయమునే అడిగెను. ఆయన కారు బాడుగది. ముందు ఎడమ టైరు ఉబ్బినది. ట్రెడ్డు చూడబోయిన క్రొత్తదివలె నున్నది. పిల్లల ఫీజులు కట్టవలసిన నెల. చిన్నకారు టైరునకే మూడు నాలుగు వేల రూపాయలగును. ఆయనకు దారిలో దొరకిన సలహాలు మూడు: గాలి తగ్గించి నడుపుమనియు, లోపల ట్యూబు వేయుమనియు, టైరును వెనుకకు మార్చుమనియు. "మాష్టారూ, వీనిలో నేదైన ఒక నెల గడుపదా?" అని ఆయన యడుగగా, మేము మూడింటిని విడివిడిగ ఆలోచించి చూపితిమి. గాలి తగ్గించిన గోడ మఱింత వంగును, మఱింత వేడెక్కును. కావున చేటు హెచ్చును. ట్యూబు గాలిని దాచునే గాని తెగిన దారముల పని చేయజాలదు. ట్యూబునకు ఆధారము టైరు గోడయే గదా! వెనుకకు మార్చుట మంచిదని చాలమంది తలంతురు. కాని వెనుక టైరు పగిలినపుడు కారు తోక ప్రక్కకు విసరివేయబడును. దానిని స్టీరింగుతో నదుపుచేయుట ముందు టైరు పగిలినప్పటికంటెను కష్టము.

ఆయనకు మిగిలిన మార్గము స్టెప్నీ. (ఈ మాట యెక్కడిదని వింతపడువారికి: వేల్సు దేశమున లానెల్లీ పట్టణపు స్టెప్నీ వీథిలో 1904 ప్రాంతమున అదనపు చక్రములు చేసి అమ్మిన సంస్థ పేరు మన పల్లెలదాక వచ్చి నిలిచినది.) స్టెప్నీని వేయుటకు ముందు దాని వయస్సు చూడుమని చెప్పితిమి. టైరు గోడపై నాలుగంకెలు ముద్రించియుండును: మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనిన 2019వ సంవత్సరపు 23వ వారము. ఆయన స్టెప్నీ వాడనిదే గాని మిగిలిన టైర్లకంటె పాతది. అయినను పగుళ్లు లేవు. దానిని వేసికొని, పది దినములు దగ్గఱి బాడుగలకు మాత్రమే పోయి, ఆ డబ్బుతో క్రొత్త టైరు కొనెను. ఉబ్బిన టైరు ఆ పది దినములును ఇంటివద్దనే యుండెను. అది స్టెప్నీగా కూడ పనికిరాదు. కొన్ని క్రొత్త కార్లకు స్టెప్నీయే యుండదు. గాలి యొత్తిడి తెలుపు పరికరమును, పంక్చరు సరిచేయు సామగ్రియు గల కార్లకు అది లేకున్నను చెల్లునని కేంద్రప్రభుత్వము 2020లో నిబంధన మార్చినది. ఆ సామగ్రి ట్రెడ్డులోని మేకు రంధ్రమునకు పనికివచ్చును గాని గోడ చీలికకు పనికిరాదు. అట్టి కార్లవారు దీనిని ఎఱిగియుండవలెను.

గోడలో మేకు దిగినను తీర్పు అదియే. ట్రెడ్డులో 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రమును పంక్చరు కొట్టువారు చక్కగ మూయగలరు. క్రింద ఉక్కుపట్టీ గట్టిగా నిలిచి అతుకును కదలనీయదు. గోడయందు అతుకు ప్రతి చుట్టునకును వంగి, కొంతకాలమునకు ఊడును. "వేసి ఇత్తును, ఏమియు కాదు" అని చెప్పు పనివానితో వాదింపక, వందనము చెప్పి వచ్చుట మేలు.

కోత తగిలినచో తొందరపడక చూడవలెను. చక్రమును విప్పించి, బురద కడిగి, వెలుతురున కోత పెదవులను మెల్లగా విప్పి పరీక్షింపుడు. లోన దారము కనబడినను, కోత దారమువఱకు పోయినను మార్చవలెను. నీరు దిగి దారములను పాడుచేయును. పైరబ్బరు మాత్రమే గీచుకొనిపోయి, ముక్క లేచిపోయినను లోన నల్లని రబ్బరే యున్నచో వెఱవనక్కఱలేదు. ఆ చోట సుద్దముక్కతో గుర్తుపెట్టి వారమున కొకసారి చూచుచుండిన చాలును. సన్నని పగుళ్లు ఎండకును వయస్సునకును వచ్చునవి. గోటికి తగులనంత సన్ననివి ఓర్చుకొనవచ్చును. పొలములోని నెఱియలవలె లోతైనవి కూడదు.

అనవసరముగ భయపెట్టునది ఒకటి కలదు. గోడపై నిలువుగా, లోపలికి నొక్కినట్లున్న సన్నని పల్లము. తయారీలో దారముల పొర అంచులు ఒకదానిపై నొకటి కలిసినచోట నది యేర్పడును. అచ్చట దారములు తక్కువ కాదు, రెట్టింపు. బయటికి ఉబ్బినది చేటు, ఇట్టి పల్లము చేటు కాదు. దీనిని తెలియక మంచి టైరును పాఱవైచినవారు కలరు.

కంటికి కనబడని దెబ్బ యొకటి మిగిలినది. పంక్చరైన టైరుతో, గాలి లేకయే, కొట్టు దాక కారును నడిపించుకొనిపోవుట మన ప్రాంతమున సామాన్యము. అప్పుడు గోడ మడతపడి తనలో తానే రాచుకొనును. టైరు విప్పించి లోపల చేయిపెట్టి చూడుడు: గోడచుట్టు వలయముగా గరుకుతనమును, నల్లని రబ్బరు పొడియు నున్నచో, పైకి ఎంత చక్కగ నున్నను ఆ టైరు ముగిసినదే. పంక్చరు వేయించిన రూపాయలు కూడ వృథా. స్టెప్నీ మార్చుటకు పట్టు అరగంట బద్ధకమునకు ఇది చెల్లించు మూల్యము.

ఒక్క టైరునే కొనవచ్చునా, రెండును కొనవలెనా? మిగిలినవి క్రొత్తవైనచో ఒక్కటి చాలును. జత టైరు సగమునకు పైగా అరిగియున్నచో, ఒకే ఇరుసుకు రెండును క్రొత్తవి వేయుట మంచిది. వానిని వెనుక వేయవలెను. గాళ్ల నడుమ 1.6 మిల్లీమీటర్ల యెత్తున అరుగుదల గుర్తులుండును. ట్రెడ్డు వానితో సమమైనచో ప్రక్కగోడ మాట విచారింపకయే మార్చవలసినదే. కొనునపుడు ఐ.యస్.ఐ. గుర్తును, పైని చెప్పిన నాలుగంకెలను చూచుకొనుడు.

తీసివేసిన టైరును తక్కువ వెలకు అడుగువారు వత్తురు. దానిని మరల ఒకని కారునకు వేయకుండ గోడను కోసి యిచ్చుట మంచిది. పిల్లలు ఉయ్యాలకు కోరినచో ఇయ్యవచ్చును. ఆరుబయట పడవేసిన టైరులో వాననీరు నిలిచి డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును గనుక, చెట్టునకు కట్టుటకు ముందు అడుగున నాలుగైదు పెద్ద రంధ్రములు వేయవలెను.