ముందు మెయిల్, తర్వాతే డొమైన్: పాత సర్వర్ మార్చిన వీకెండ్

మా ఆఫీసులో మెయిల్, లాగిన్ రెండూ ఒకే డబ్బా మీద నడిచేవి: స్మాల్ బిజినెస్ సర్వర్ 2011. అందులోని ఎక్స్చేంజ్ 2010కి సపోర్ట్ 2020 అక్టోబర్ 13నే ఆగిపోయింది. మేం మాత్రం దేవుడి మీద భారం వేసి లాగించాం!

శనివారం కొత్త విండోస్ సర్వర్ 2019ని డొమైన్ కంట్రోలర్‌గా చేర్చబోతే మొరాయించింది. పాత సర్వర్ సిస్‌వాల్ ఫోల్డర్‌ని ఇంకా ఎఫ్‌ఆర్‌ఎస్‌తోనే కాపీ చేస్తోంది. 2019కి డీఎఫ్‌ఎస్‌ఆర్ కావాలి. అది మార్చేసరికే చీకటి పడింది.

ఐదు ఎఫ్‌ఎస్‌ఎంఓ రోల్స్ కొత్తదానికి, మెయిల్‌బాక్సులు క్లౌడ్‌కి వెళ్లాయి. ఆదివారం నిద్రమత్తులో పాతదాన్ని డిమోట్ కొట్టబోయా. ఎక్స్చేంజ్ ఉండగా అలా చేస్తే అంతే సంగతులు, మైక్రోసాఫ్ట్ కూడా సపోర్ట్ చేయదు. ముందు ఎక్స్చేంజ్ తీసేశాకే డిమోట్.

సోమవారం మొదటి కంప్లైంట్: "స్కాన్ చేస్తే మెయిల్ రావట్లేదు." ప్రింటర్ ఇంకా పాత ఐపీకే పంపుతోంది మరి!