రోబో జట్టుకు తగిన గది

విద్యార్థులు రోబోను నిర్మించుటకు పనిముట్లకంటె ముందు కావలసినది తగిన చోటు. ఎంత చోటు కావలెనో రోబో పరిమాణం గాక, అది తిరుగవలసిన నేల నిర్ణయిస్తుంది. 'ఫస్ట్ టెక్ చాలెంజ్' అనే అంతర్జాతీయ విద్యార్థి పోటీనే తీసుకొందాము. పోటీ ఆరంభంలో రోబో పొడవు, వెడల్పు, ఎత్తు 18 అంగుళాలకు మించరాదు. పోటీ స్థలం మాత్రం 12 అడుగుల చదరం. మనుషులు నిలుచుటకు చుట్టూ 3 అడుగులు విడిచితే 18 అడుగుల చదరం, అనగా 324 చదరపు అడుగులు కావలెను. పనిబల్లలకు చోటు వేరే. మన దేశంలో 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ లాబ్‌ల పథకం మైదాన ప్రాంతపు పాఠశాలలను 1500 చదరపు అడుగులు చూపుమన్నది.

నేల స్వభావమూ ముఖ్యమే. సాధారణంగా రోబో తాను నడిచిన దూరాన్ని చక్రాల చుట్లను బట్టి లెక్కిస్తుంది. నున్నని గచ్చుపై చక్రం జారితే చుట్లు పెరుగుతాయి గాని దూరం పెరుగదు. పోటీలో పరచేవి మెత్తని నురుగు పలకలు. వాటిపై పట్టు వేరు. గచ్చుపై సరిచూసిన లెక్క అక్కడ తప్పవచ్చు. కనుక అభ్యాసం అటువంటి పలకలపైనే జరుగవలెను.

కోతపని ఒక మూల, విద్యుత్ పరికరాలు మరొక మూల ఉండవలెను. లోహపు రజను సర్క్యూట్ పలకపై పడితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు.

అన్నిటికంటె ముఖ్యం, సగం చేసిన పని మరునాటికి కదలక ఉండుట. ప్రతి సాయంత్రం విప్పి దాచవలసి వస్తే కాలమంతా సర్దుటకే పోతుంది. విశాలమైన అరువు హాలుకంటె తాళమున్న చిన్నగది మేలు. పోటీ స్థలంలో నాలుగవ వంతు, అనగా 6 అడుగుల చదరం పరచినా అభ్యాసం సాగుతుంది.