పాడి ఆవు కుంటు: కుడితి తొట్టి నుండి గిట్ట వరకు

ఆవు పాలు తగ్గించినప్పుడు యజమాని మొదట మేతను అనుమానిస్తాడు, తరువాత దూడను, ఆ పైన దిష్టిని. గిట్టల వంక చూసేవారు అరుదు. కాలు నొప్పిగల ఆవు ఎక్కువసేపు పడుకుంటుంది, మేతకు తక్కువసార్లు లేస్తుంది, ఎదకు వచ్చినా ఇతర పశువులపై ఎక్కక ఎద లక్షణాలను బయటపెట్టదు. పాలు తగ్గుతాయి, చూలు కట్టడం ఆలస్యమవుతుంది. ఋణం తీసుకొని ఆవును కొన్నవారికి ఈ రెండు నష్టములూ కలిసి వాయిదా చెల్లించవలసిన రోజున బయటపడతాయి. అప్పటికి గిట్టలో వ్యాధి పుట్టి రెండు నెలలు దాటి ఉండవచ్చును.

ఈ విషయమును వివరించుటకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమును ఉదాహరణగా తీసుకొనుటకు కారణమున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అక్కడ పెద్ద జంక్షనును, వర్క్‌షాపును నిర్మించినది. తూర్పు కోస్తా రైలు మార్గపు ఉత్తర భాగము 1902లో అదే కంపెనీ చేతికి వచ్చినది. ఆ దారి వెంట నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల ప్రాంతము నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికి వెళ్లి అక్కడే స్థిరపడినవి. ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలలో తెలుగు మాట నేటికీ వినబడుతుంది. అటువంటి కాలనీలో పెరట్లో ఒకటి రెండు ఆవులను కట్టుకున్న కుటుంబమును ఊహించండి. ఊరిలో ఆవు మట్టి కొట్టంలో పడుకునేది, పొలం గట్ల వెంట నడిచేది. పట్టణంలో దాని కాలి కింద సిమెంటు, వీధిలోకి వస్తే ఆ ప్రాంతపు ఎర్ర మొరం, గులకరాళ్లు. ఇక తొట్టిలో ఇంటింటి నుండి పోగైన మిగులు అన్నము. నేల, రాయి, అన్నము అనే ఈ మూడింటిలో ఎక్కువ హాని చేయునది ఏదని అడిగితే చాలామంది రాయి అంటారు. నా అభిప్రాయంలో అన్నమే.

కుడితి తొట్టిలో మొదలగు వ్యాధి

కుడితి మనకు తరతరాల అలవాటు. బియ్యం కడిగిన నీరు, గంజి, కాస్త తవుడు, కూరగాయల తొక్కలు కలిసిన కుడితి వలన కీడు లేదు. విందు ముగిసిన మరునాడు బకెట్ల కొద్దీ అన్నం పోయుటే ప్రమాదము. ఆవు పెద్దపొట్టలో గడ్డి నెమ్మదిగా పులుస్తుంది, అన్నంలోని పిండిపదార్థము అతి త్వరగా పులుస్తుంది. ఆమ్లము ఒక్కసారిగా పెరుగుతుంది. పశువు మేత మానుతుంది, పేడ పలుచబడి పుల్లని వాసన వేస్తుంది. తీవ్రమైతే ఒకటి రెండు రోజులలో ప్రాణమే పోవచ్చును. తట్టుకొని బ్రతికిన ఆవు యజమానికి పూర్తిగా కోలుకున్నట్లే కనబడుతుంది.

కాని ఆ ఆమ్లత వలన పుట్టిన విషపదార్థములు రక్తంలో చేరి, గిట్ట లోపలి మెత్తని కణజాలానికి వాపు కలిగిస్తాయి. గిట్ట గోరును తయారుచేయునది ఆ కణజాలమే. అది దెబ్బతిన్నప్పుడు తయారైన గోరు మెత్తగా, పసుపు లేక ఎరుపు మచ్చలతో ఉంటుంది. గోరు నెలకు సుమారు అర సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది గనుక, లోపల జరిగిన హాని గిట్ట అడుగుకు చేరి పుండుగా కనబడుటకు ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. ఆషాఢంలో విందు భోజనం తిన్న ఆవు భాద్రపదంలో కుంటితే, ఆ రెంటికి గల సంబంధము ఎవరికి తోస్తుంది? యజమాని అప్పుడు రాయి గుచ్చుకున్నదని అనుకుంటాడు.

దాణా విషయంలోనూ ఇంతే. ఈనిన వెంటనే పాలు పెరగాలని ఒక్కసారిగా దాణా పెంచుట కూడదు. రెండు మూడు వారాల వ్యవధిలో కొద్దికొద్దిగా పెంచవలెను. రోజు దాణాను మూడు నాలుగు విడతలుగా, ముందు గడ్డి వేసిన పిమ్మటనే ఇవ్వవలెను. మేతలోని పొడి పదార్థంలో కనీసము నూటికి నలభై వంతులు గడ్డి ఉండవలెను. దాణా విక్రయించే వ్యాపారులు బస్తాతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపిన మేలు. ఆవు కుంటిన కొనుగోలుదారు మరల బస్తా కొనడు.

నేల, తడి

ఆవు రోజులో పది నుండి పన్నెండు గంటలకు పైగా పడుకోవలసిన జంతువు. గట్టి, తడి నేలపై అది పడుకొనుటకు ఇష్టపడదు. నిలబడినంతసేపు బరువు గిట్టలపైనే, ముఖ్యముగా వెనుక కాళ్ల బయటి గిట్టలపైన పడుతుంది. కుంటు అత్యధికముగా కనబడునది అక్కడే. పేడ, మూత్రములలో నానిన గిట్ట మెత్తబడుతుంది. మెత్తబడిన గిట్టతో మొరం దారిలో నడిచినప్పుడు అరుగుదల, చీలిక, రాతి గాయము తప్పవు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు పడే మన ప్రాంతాలలో ఈ నాలుగు నెలలు ప్రత్యేక జాగ్రత్త అవసరము.

కొట్టం నేలకు నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంచి, మూత్రం నిలువకుండా కాలువ తీయవలెను. సిమెంటును నున్నగా పూయక గాళ్లు పెట్టవలెను. పడుకునే చోట వరిగడ్డి, రంపపు పొట్టు లేదా ఇసుక పరచి, తడిసినది తడిసినట్లు తీసివేయవలెను. రైల్వే క్వార్టర్ల వంటి చోట నివసించువారికి ఆ స్థలంపై పక్కా కట్టడము కట్టుకునే హక్కు ఉండదు. అట్టివారికి రబ్బరు చాప ఉత్తమము. ఇల్లు మారినప్పుడు చుట్టి తీసుకొనిపోవచ్చును.

దూరము నుండి గుర్తించుట

మూడు కాళ్లపై గెంతే ఆవును ఎవరైనా గుర్తించగలరు. అంతకు ముందే గుర్తించుటకు ఒక సులభ పరీక్ష ఉన్నది. ఆవును చదునైన గట్టి నేలపై ఇరవై అడుగులు నడిపించి ప్రక్క నుండి వెన్ను చూడండి. నిలబడినప్పుడు వెన్ను చదునుగా ఉండి, నడిచినప్పుడు విల్లులా వంగితే నొప్పి మొదలైనదని తెలియవలెను. నిలబడినప్పుడు కూడా వంగి ఉంటే వ్యాధి ముదిరినది. అడుగులు పొట్టిగా పడుట, నొప్పిగల కాలు మోపినప్పుడు తల పైకెగురుట, తరచు కాళ్లు మార్చి నిలబడుట ఇతర లక్షణములు. పది రోజులకొకసారి ఈ పరీక్ష చేసిన చాలును.

కాలు ఎత్తి చూసినప్పుడు కనబడే దానిని బట్టి కారణము తెలుస్తుంది. గిట్టల నడుమ చర్మము వాచి, పగిలి, దుర్వాసన వస్తూ, జ్వరంతో హఠాత్తుగా కుంటు వస్తే అది గిట్టకుళ్లు. తడిలో పగిలిన చర్మము గుండా సూక్ష్మక్రిములు ప్రవేశించుట వలన వస్తుంది. మడమ వైపు, గిట్టల పైభాగంలో ఎర్రని పచ్చి పుండు, తాకితే విపరీతమైన నొప్పి ఉంటే అది అంటుకునే చర్మవ్యాధి. కొత్తగా కొన్న పశువు వెంట మందలోకి వస్తుంది. గిట్ట అడుగున మచ్చ, పుండు, లేదా అంచు వెంట నల్లని గీత, చీము కనబడితే పైన చెప్పిన ఆమ్లత, గట్టి నేల కారణములు.

నోటిలో పొక్కులు, చొంగ, జ్వరము కూడా ఉంటే అది గాలికుంటు. అది వైరస్ వలన వస్తుంది గనుక సూక్ష్మక్రిమి మందులతో నయము కాదు. పశువును వేరుచేసి వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. నోటిని, కాళ్లను పలుచని పొటాషియం పర్మాంగనేట్ నీటితో కడిగి, ఈగలు వాలకుండా చూడవలెను. కొట్టాన్ని నూటికి నాలుగు పాళ్లు చాకలి సోడా కలిపిన నీటితో కడగవచ్చును. దీనికి టీకాయే రక్ష. దూడకు నాలుగవ నెల నుండి మొదలుపెట్టి, ఆరు నెలలకొకసారి వేయించవలెను. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా ఉచితము.

చికిత్స

కుంటు కనబడగానే సూది మందు కొరకు పరుగెత్తుట మన అలవాటు. గిట్టకుళ్లుకు పశువైద్యుడు ఇచ్చే సూదిమందు తప్పక అవసరమే, తొందరగా ఇస్తే నాలుగైదు రోజులలో గుణము కనబడుతుంది. కాని గిట్ట అడుగు పుండుకు, అంచులోని చీముకు ఎన్ని సూదులు పొడిచినా ఫలితము శూన్యము. అక్కడ చేయవలసినది చెక్కుట. శిక్షణ గలవారి చేత వదులైన గోరును తీయించి, చీము బయటకు పోవునట్లు చేసి, అదే కాలిలోని ఆరోగ్యమైన రెండవ గిట్టకు కొయ్య లేక రబ్బరు దిమ్మను అంటించవలెను. అప్పుడు బరువు దానిపై పడి పుండుగల గిట్ట గాలిలో విశ్రాంతి పొందుతుంది. ఈ చిన్న దిమ్మ చేసే మేలు చూచినవారికే నమ్మకము కలుగుతుంది.

నొప్పి మందులలో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడుట 2006లోనే నిషేధించినారు. ఆ మందు తీసుకున్న పశువు కళేబరము తిన్న రాబందులు చనిపోవుటయే కారణము. అదే కారణముపై కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించినారు. మెలాక్సికామ్ వాడవచ్చును. మందుల దుకాణదారులు దీనిని గుర్తుంచుకొనవలెను. సూదిమందు వేయించిన తరువాత వైద్యుడు చెప్పినన్ని రోజులు పాలు అమ్మరాదు.

సంవత్సరమునకు రెండుసార్లు, ముఖ్యముగా పాలు ఎండగట్టే సమయంలో, గిట్టలు చెక్కించుట మంచిది. చెక్కిన పిమ్మట గిట్ట అడుగును బొటనవేలితో నొక్కితే లొంగరాదు, లొంగితే అతిగా చెక్కినట్లే. మందలో అంటు ఉన్నప్పుడు 100 లీటర్ల నీటికి 5 కిలోల మైలతుత్తము కలిపిన తొట్టి గుండా, ముందు కాళ్లు కడిగి, పశువులను నడిపించవలెను. ఒకటి రెండు ఆవులకైతే 10 లీటర్లకు అరకిలో చొప్పున కలిపి బకెట్టులో ముంచిన చాలును. పశువులు ఆ నీరు త్రాగరాదు, వాడిన నీటిని గడ్డి మడిలో పోయరాదు. రోజుకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమము గిట్టకు బలము.

ఖర్చు, ఋణము

8 లీటర్లిచ్చే ఆవు కుంటు వలన రోజుకు 2 లీటర్లు తగ్గించి, 45 రోజులు అట్లే ఉన్నదనుకొనండి. 90 లీటర్లు పోయినవి. లీటరు 40 రూపాయల లెక్కన 3,600 రూపాయలు. చూలు ఆలస్యము దీనికి అదనము. ఒక రబ్బరు చాప వెలతో దీనిని పోల్చి చూసుకొనవచ్చును.

రిజర్వు బ్యాంకు 2019లో కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయమును పశుపోషణకు వర్తింపజేసినది. మేత, పశువైద్యము, కూలి, నీరు, విద్యుత్తు ఖర్చులు దాని నిర్వహణ పెట్టుబడి క్రిందికి వస్తాయి. సొంత కొట్టమే ఉండనక్కరలేదు, అద్దెకు లేక కౌలుకు తీసుకున్నది అయినను అర్హతయే.

బీమా విషయంలో ఒక అపోహ ఉన్నది. సాధారణ పశుబీమా ప్రధానముగా మరణమునకే వర్తిస్తుంది. శాశ్వత సంపూర్ణ అశక్తతకు రక్షణ కావలెనన్న అదనపు ప్రీమియంపై విడిగా అడిగి తీసుకొనవలెను. చెవి పోగు ఊడిపోతే వెంటనే తెలిపి కొత్తది వేయించుకొనవలెను, అది లేనిదే క్లెయిము నిలువదు.

ఋణంతో ఆవును కొనబోవువారు సంతలో పొదుగు చూసినంత శ్రద్ధగా కాళ్లు చూడరు. అమ్మకందారు పశువును గడ్డి కుప్పలోనో బురదలోనో నిలబెట్టితే, బయటకు తోలించి, కాళ్లు కడిగించి, గట్టి నేలపై ఇరవై అడుగులు నడిపించమని అడగండి. వెన్ను వంగినదా, గిట్టల నడుమ వాసన ఉన్నదా చూసుకొనిన తరువాతనే బయానా ఇవ్వండి.