సోంపు – దసరా సెలవుల తర్వాతే విత్తాలి



హైదరాబాదులో చాలా హోటళ్ళలో తిన్నాక బిల్లుతోపాటు చిన్న గిన్నెలో సోంపు, పటికబెల్లం తెచ్చి పెడతారు. గుప్పెడు తీసుకుని నములుతాం గాని అది ఏ మొక్కకు కాస్తుందో మనలో చాలామందిమి చూడలేదు. జీలకర్రను పచ్చిగా కోస్తే అదే సోంపు అని మా రూములో ఒకరు వాదించారు కూడా! కాదు. కొన్నిచోట్ల సోంపును పెద్ద జీలకర్ర అంటారు గనుక ఈ గందరగోళం. సోంపు, జీలకర్ర, ధనియాలు, వాము, క్యారెట్ అన్నీ ఒకే కుటుంబం, మొక్కలు మాత్రం వేరు. మన దేశంలో సోంపు ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌లలో పండుతుంది.

మా పెదనాన్న హైటెక్ సిటీ దగ్గర కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో మాలీ పని చేస్తాడు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటినుంచి ఆ వైపంతా మేడలే లేచాయి. ఆ అపార్ట్‌మెంట్‌లో మట్టి కనిపించే చోట తవ్వినా కంకర, సిమెంటు పెళ్ళలే వస్తాయట. అందుకే అక్కడివాళ్ళు బాల్కనీలో, డాబా మీద కుండీలు పెట్టుకుంటారు. పెదనాన్న చెప్పినవి, సైన్సు సారును అడిగి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

ముందు విత్తనం. హోటల్లో ఇచ్చే రంగురంగుల చక్కెర సోంపు పనికిరాదు. వేయించినదీ మొలవదు. సన్నగా, పచ్చగా, తియ్యగా ఉండే లక్నో సోంపును పూర్తిగా ముదరకముందే కోస్తారు, దాన్ని నమ్ముకోవద్దు. మసాలాకు వాడే లావు గింజ, వేయించనిది కావాలి. పది గింజలు తడిబట్టలో చుట్టి రెండు వారాలు చూడండి. ఆరేడు మొలిస్తే విత్తనం మంచిదే.

అన్నిటికన్నా ముఖ్యం కాలం. సోంపు చలికాలపు పంట. అక్టోబరులో, అంటే మనం దసరా సెలవులనుంచి తిరిగి రాగానే విత్తితే చలిలో బాగా ఎదిగి, సంక్రాంతి దాటాక పసుపు పూల గొడుగులు విప్పుతుంది. మార్చిలో గింజ పడుతుంది. అదే జనవరిలో విత్తామనుకోండి, మొక్క చిన్నగా ఉండగానే ఎండలు ముదురుతాయి, తొందరపడి పూస్తుంది, గింజ అంతంతమాత్రం. పైగా అది పండే వేళకు మనం ఎండాకాలం సెలవులకు ఇళ్ళకు పోయి ఉంటాం, నీళ్ళు పోసేదెవరు? హైటెక్ సిటీ వైపు కూడా ఇదే చిక్కు. 2024 ఎండాకాలంలో అక్కడ నీళ్ళ ట్యాంకరు కోసం బుక్ చేసి ఎదురుచూశారు. ఇక ఆ నెలల్లో మొక్కకేం పోస్తారు!

వేరు నిలువుగా లోపలికి పోతుంది. కాబట్టి అడుగు లోతైనా ఉండాలి, అడుగున చిల్లులుండాలి. మట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి, గింజను అర అంగుళం లోతున వెయ్యాలి. పెద్దయ్యాక పీకి వేరేచోట నాటితే తట్టుకోదు, కుండీకి ఒకటో రెండో మొక్కలుంచి మిగతావి చిన్నప్పుడే తీసేయాలి. మట్టి పైన ఆరాక నీళ్ళు పొయ్యాలి. నిలవ నీరుంటే వేరు కుళ్ళుతుంది. మొక్క నాలుగైదు అడుగులు లేస్తుంది. పై అంతస్తుల్లో గాలికి విరుగుతుందని పెదనాన్న వెదురు పుల్ల పాతి కడతాడు.

మొలిచాక అది సోయాకూరలాగే దారాల ఆకుతో ఉంటుంది. నలిపి వాసన చూస్తే తెలిసిపోతుంది, సోంపు తియ్యటి వాసన వేస్తుంది. లేత ఆకును పప్పులో, మజ్జిగలో వేసుకోవచ్చు. పూత వేళ పేనుబంక పడుతుంది. కనబడగానే నీళ్ళతో గట్టిగా కడిగి, వేపనూనెలో కొంచెం సబ్బు కలిపిన నీళ్ళు సాయంత్రం పూట చల్లాలి. పగలు వద్దు, పూలమీద తేనెటీగలుంటాయి.

గొడుగులన్నీ ఒకేసారి పండవు. పండినవాటిని పండినట్టు కోసి నీడలో ఆరబెట్టాలి, అప్పుడే ఆకుపచ్చ రంగు నిలుస్తుంది. పచ్చిగింజ నమిలితే హోటల్ సోంపు గుర్తుకు రాదు, అంత తీపి.

మన వంటశాల వెనక పగిలిన బకెట్లు ఆరు పడి ఉన్నాయి. కూరగాయలు కడిగిన నీళ్ళు రోజూ అక్కడే పారబోస్తున్నారు. వార్డెన్ సార్ ఆ బకెట్లు ఇప్పిస్తే ఎనిమిదో తరగతి వాళ్ళం చూసుకుంటాం. ఈ అక్టోబరులో వేస్తే పదో తరగతి అన్నలు పరీక్షలు రాసి వెళ్ళేలోపు పచ్చిగింజలు తిని వెళ్తారు.