డ్రిల్లు బాగానే ఉంది... బ్యాటరీయే మొండికేసింది!

పరదా రాడ్డు బిగించడానికి కావలసింది నాలుగే నాలుగు రంధ్రాలు. వాటి కోసం మిస్త్రీ చుట్టూ మూడు వారాలు తిరిగాను. అడిగినప్పుడల్లా "రేపొస్త వదినె" అనేవాడు. ఆ రేపు రాలేదు. మన మెట్‌పల్లి ఖాదీతో ముచ్చటపడి కుట్టించుకున్న పరదాలు బీరువాలో, కిటికీకేమో పాత చీర! ఇంటాయన దుబాయ్‌లో ఉంటే ఇక్కడ చిన్న చిన్న పనులు ఎలా ఆగిపోతాయో మా వైపు ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇంట్లో మిషన్ లేక కాదు. మూడేళ్ల కిందట మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు వైరు లేని డ్రిల్లింగ్ మిషన్ తెచ్చారు. ఛార్జర్‌కు అక్కడి చదరపు పిన్నులు కావడంతో మన ప్లగ్గులో దూరలేదు. కన్వర్టర్ కొన్నాం. ఆ తర్వాత మిషన్ సజ్జ ఎక్కింది.

నేనే చేద్దామని దించి మీట నొక్కితే గుర్రుమని రెండు తిప్పులు తిరిగి ఆగిపోయింది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను. పొద్దున ఆకుపచ్చ లైటు చూసి సంబరపడి గోడకు ఆనించానో లేదో, మళ్లీ అదే తంతు. "మొగోళ్ల పని నీకెందుకు బిడ్డా" అంది అత్తమ్మ. ఆ మాటతోనే నాకు పట్టుదల పెరిగింది.

తప్పు మిషన్‌ది కాదని తెలుసుకోవడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. 18 వోల్టుల బ్యాటరీ అంటే ఒకే ముద్ద కాదు. లోపల 3.6 వోల్టుల లిథియం సెల్లులు అయిదు వరుసగా ఉంటాయి. అందులో ఒక్కటి నీరసించినా మిగతా నాలుగూ దానితో పాటే కూలబడతాయి. లైటు వెలిగినా గోడ తొలిచేంత బలం రాదు. ఇక నేను చేసిన పాపాలు రెండు. మా సజ్జ రేకుల కింద ఉంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు మనది, రేకుల కింద ఇంకెంత ఉంటుందో చూసుకోండి. లిథియానికి వేడి పడదు. రెండోది, బ్యాటరీ పూర్తిగా దిగిపోతేనే ఛార్జింగ్ పెట్టాలని మా నాన్న చెప్పిన మాటను వేదంలా పాటించాను. ఆ మాట పాతకాలపు నికెల్-కాడ్మియం బ్యాటరీలకు చెప్పింది. లిథియం బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే అది మళ్లీ కోలుకోకపోవచ్చు. సగం ఛార్జింగ్‌తో చల్లటి చోట పెట్టి, రెండు మూడు నెలలకోసారి చూసుకుంటే చాలట. ఎండలో పనిచేసి వేడెక్కిన బ్యాటరీని కూడా చల్లారాకే ఛార్జర్‌కు తగిలించాలి.

బజార్లో ఒకతను "సెల్లులు మార్చిస్తా అక్కా, కొత్తదాని లెక్క నడుస్తది" అన్నాడు. ధర తక్కువని సరేనన్నాను. ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టి వంటింట్లోకి వెళ్లాను. కాసేపటికి ప్లాస్టిక్ కాలిన వాసన! వచ్చి చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. దాని పక్కనే చాప మీద మా చిన్నోడు నిద్రపోతున్నాడు. ప్లగ్గు పీకి, బట్టతో పట్టుకుని వాకిట్లో ఇసుక మీదికి విసిరేశాను. నా కాళ్లలో వణుకు తగ్గడానికి గంట పట్టింది. డ్రిల్లు గోడను తొలిచేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. పవర్‌బ్యాంకులో వేసే మామూలు సెల్లులు దానికి తట్టుకోలేవు. పాతవీ కొత్తవీ కలిపి వేసినా, కాపాడే సర్క్యూట్ బోర్డు సరిగా పనిచేయకపోయినా ప్రమాదమే. అందరూ అలా చేస్తారని కాదు. కానీ లోపల ఏం వేశారో మనకు కనిపించదు కదా!

మీరు కొత్తగా కొనబోతే ఒక్కమాట. ఏడాదికి రెండుసార్లు మేకు కొట్టే ఇంటికి వైరున్న డ్రిల్లే మేలని నా అభిప్రాయం. ధర తక్కువ, బ్యాటరీ చచ్చే బాధ లేదు. చివరికి నా పరదాలు వేలాడిందీ మా తమ్ముడి వైరు మిషన్‌తోనే. డాబా మీదో, పొలం దగ్గరి షెడ్డులోనో ప్లగ్గు లేనిచోట పని ఉంటేనే బ్యాటరీది తీసుకోండి. దుకాణంలో బ్యాటరీ తగిలించి చేత్తో ఎత్తి చూడండి. 12 వోల్టులది తేలిక, చెక్కకూ చిన్న స్క్రూలకూ చాలు. ఇటుక గోడకైతే సుత్తి గుర్తున్నది, అంటే హ్యామర్ ఉన్నది కావాలి. కిటికీ పైన కాంక్రీటు లింటల్ తగిలితే చిన్న మిషన్లు మొరాయిస్తాయి. అన్నిటికంటే ముందు, విడి బ్యాటరీ ధర అడగండి. కొన్ని రకాల్లో ఆ ధర వింటే కళ్లు తిరుగుతాయి. రెండు బ్యాటరీలతో వచ్చే సెట్టు చాలాసార్లు అందుకే లాభం.

ఈ బాధ మనదొక్కరిదే అనుకోకండి. 1971లో అపోలో 15లో వెళ్లినవాళ్లు చంద్రుడి మీద బ్యాటరీ డ్రిల్లే వాడారు. అక్కడా అది నేలలో ఇరుక్కుంటే ఇద్దరూ కలిసి లాగాల్సి వచ్చింది! నయం, వాళ్లకు పక్కన అత్తమ్మ లేదు.

నా మిషన్‌కు అసలు బ్యాటరీ దుబాయ్ నుంచే తెప్పించాను. మా ఆయనకు ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. విడి లిథియం బ్యాటరీని లగేజీలో వేయనివ్వరు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. డ్రిల్లు తెచ్చేవాళ్లయితే దాన్ని లగేజీలో వేసి, విడి బ్యాటరీలను మాత్రం చేతిలో ఉంచుకోవాలి. వోల్టులను దాని మీద రాసిన ఆంపియర్-అవర్లతో హెచ్చవేస్తే వాట్-అవర్లు వస్తాయి. మాది 18 నాలుగులు 72. వంద లోపు ఉంటే విమాన సంస్థను ప్రత్యేకంగా అడగక్కర్లేదు. బ్యాటరీ లోహపు అంచులకు టేపు అంటించమని కూడా చెప్పాను. "ఏందే, ఇంజినీరువైనవా?" అని నవ్వారు.

బతుకమ్మ పండగకు బ్యాటరీ వచ్చింది. దాన్నిప్పుడు సజ్జ మీద కాదు, చల్లగా ఉండే అల్మారాలో పెడుతున్నాను. మొదటి రంధ్రం అత్తమ్మ కోసమే. బీడీల చాట తగిలించుకోవడానికి కొక్కెం కావాలని ఆవిడే అడిగింది.

పాడైన బ్యాటరీని చెత్తబండిలో వేయలేదు. అక్కడ నలిగితే మంట లేవొచ్చు. డబ్బా మీద కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ ఉండేది అందుకే. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. అంచులకు టేపు వేసి, ఇసుక పోసిన పాత డబ్బాలో పెట్టి వాకిలి మూల ఉంచాను. ఈసారి కరీంనగర్ వెళ్లినప్పుడు సర్వీసు సెంటర్‌లో ఇచ్చి రావాలి.