ఫంక్షన్ హాల్లో విమానం

ఆషాఢం వచ్చిందంటే కరీంనగర్‌లో ఫంక్షన్ హాళ్లు బోసిపోతాయి. పెళ్లిళ్లుండవు, ఫ్యాన్లు తిరగవు. గాలి కదలని ఆ హాలు రబ్బరు విమానానికి అచ్చంగా సరిపోయే చోటు.

దీనికి బ్యాటరీ లేదు, రిమోట్ లేదు. మెలిపెట్టిన రబ్బరు విప్పుకుంటూ ప్రొపెల్లర్‌ను తిప్పితే, విమానం మనిషి నడిచేంత నెమ్మదిగా చుట్లు కొడుతూ కప్పు వైపు లేస్తుంది. 1871లో అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లో ఇలాంటిదాన్నే 11 సెకన్లు ఎగరేశాడు. అతని ఆలోచనతో తయారైన, రబ్బరుతో ఎగిరే బొమ్మను 1878లో తండ్రి తెచ్చిస్తే, రైట్ సోదరులు అది విరిగేదాకా ఆడుకుని, తర్వాత తామే కొత్తవి చేసుకున్నారు.

ప్రపంచ పోటీల్లో ఎగిరే ఎఫ్1డి తరగతి విమానం రబ్బరు కాకుండా 1.4 గ్రాములుంటే చాలు. రూపాయి బిళ్ళ బరువులో సగం కూడా కాదు! కొత్తవాళ్లు అంతదూరం పోనక్కర్లేదు. అడుగు పొడవు రెక్క, ఏడెనిమిది గ్రాముల బరువు చాలు. ఈ విద్య అంతా బరువు తగ్గించడంలోనే ఉంది. ప్రతి పుల్లనూ తూచాలి. ఇంట్లో చిన్న కాటా లేకపోతే బంగారం పనిచేసే వాళ్లనడగండి.

ప్రపంచమంతా వాడేది ఈక్వెడార్ బాల్సా కర్ర. మనకు పొనికి ఉంది. నిర్మల్ నకాషీలు బొమ్మలు చెక్కే ఆ కర్ర మన అడవుల్లోని తేలిక కర్రల్లో ఒకటి. చెట్లు కరువవుతున్నాయి కాబట్టి కొమ్మ నరకొద్దు, వాళ్ల పనిలో మిగిలిన ముక్కల్ని అడగండి. ఒడలికి సన్నని పొనికి బద్ద, రెక్కల చట్రానికి మేదరివాళ్లు చీల్చిన వెదురు పుల్లలు, పైన పల్చని కవరు. పతంగి కట్టిన పిల్లలకు ఈ పని చేతికి తెలిసిందే.

ప్రొపెల్లర్ దగ్గర తొందరపడొద్దు. వాడిపారేసే ప్లాస్టిక్ గ్లాసు పక్క నుంచి రెండు రెక్కల్ని నిటారుగా కాకుండా 15 డిగ్రీలు వాలుగా కత్తిరిస్తే, గ్లాసు గుండ్రమే వాటికి కావాల్సిన మెలిక ఇస్తుంది. ఇరుసుకు పేపర్ క్లిప్పు తీగ, రాపిడి తగ్గడానికి మధ్యలో ఒక పూస. ఇక విమానం రెక్క కొనలు మధ్యభాగం కన్నా మూడు సెంటీమీటర్లు పైకి లేచి ఉండాలి. లేకపోతే విమానం ఒరిగి పడుతుంది.

రబ్బరు చుట్టకముందే చేత్తో మెల్లగా వదిలి చూడండి. ముక్కు నేలకు పొడిస్తే రెక్కను కొంచెం ముందుకు జరపండి. లేచి ఆగి పడుతుంటే వెనక్కి జరపండి. చక్కగా జారుతూ దిగాక, తోకను కాస్త ఎడమకు వంచి రబ్బరుకు యాభై చుట్లు ఇవ్వండి. విసరొద్దు, వదలండి. గోడ తగలకుండా తిరుగుతుంటే చుట్లు పెంచుకుంటూ పోవచ్చు.

ఎన్‌సీసీ వైమానిక విభాగం పిల్లలకు ఏరోమోడలింగ్, అంటే ఇలా నమూనా విమానాలు చేసి ఎగరేయడం, శిక్షణలో భాగం, వాయు సైనిక శిబిరాల్లో పోటీ అంశం కూడా. కానీ ఆ యూనిఫాం దొరకని పిల్లలే ఎక్కువ. ఆదిలాబాద్, మంచిర్యాల, జగిత్యాల బడుల హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే: శనివారం బడి వదిలాక పెద్ద గది ఇవ్వండి, బెంచీలు ఓ పక్కకు జరిపించండి, ఫ్యాన్లు ఆపండి.