అంగారకుని మీద ఎండిన ఏళ్లు

పిల్లలూ! ఖమ్మం నుంచి పాల్వంచ అడవుల మీదుగా భద్రాచలం వెళ్లారా? దారిలో కిన్నెరసాని ఒడ్డున ఒక గులకరాయిని తీసి చూడండి. నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కొండ నుంచి విరిగినప్పుడు అదే రాయికి పదునైన అంచులుండేవి. నీరు దొర్లించగా దొర్లించగా రాళ్లు ఒకదానికొకటి రాసుకుని అలా అరిగిపోయాయి. ఈ చిన్న విషయమే మన పొరుగు గ్రహం రహస్యం ఒకటి విప్పింది!

1877లో ఇటలీ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లీ టెలిస్కోపులో అంగారకుని మీద గీతలు చూసి వాటిని ‘కనాలి’ అన్నాడు. ఆయన భాషలో ఆ మాటకు సహజమైన పాయలు అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో అది ‘కాలువలు’ అయి కూర్చుంది. కాలువలుంటే తవ్వినవారూ ఉండాలి కదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ అక్కడ తెలివిగల ప్రాణులున్నాయని పుస్తకాలే రాశాడు. కాని 1965లో మారినర్-4 పంపిన ఫొటోలలో కాలువలు లేవు. ఉల్కలు పడి ఏర్పడిన గుంటలు కనిపించాయి. ఆ గీతలు చాలావరకు కంటి భ్రమే!

కథ అక్కడితో ముగియలేదు. 1971లో అంగారకుని చుట్టూ తిరగసాగిన మారినర్-9కు వంకరలు తిరిగిన లోయలు, వాటిలో కలిసే పిల్ల లోయలు కనిపించాయి. అచ్చం గోదావరి, దాని ఉపనదుల్లాగే! కాని పారే నీరు మాత్రం లేదు. అక్కడి గాలి ఒత్తిడి మన భూమి మీది ఒత్తిడిలో నూరోవంతు కూడా లేదు. చలి విపరీతం. మరి ఆ లోయలను కోసిందెవరు? నీరా? లావానా? గాలా?

2012లో గేల్ అనే గుంటలో దిగిన క్యూరియాసిటీ సాక్ష్యం చూపింది. గుండ్రని గులకరాళ్లు ఇసుకతో కలిసి గట్టిపడిన రాతిపొర! గాలి ఇసుకను ఎగరేస్తుంది గాని, అంత రాళ్లను మోసుకుపోలేదు. అక్కడ నీరు చీలమండ నుంచి నడుము లోతు వరకు, మనిషి నడిచేంత వేగంతో పారి ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అది 300 కోట్ల సంవత్సరాలకు పైబడిన మాట.

ఆ నీటిలో కొంత ధ్రువాల వద్ద, నేల అడుగున మంచుగా ఉంది. కొంత అంతరిక్షంలోకి పోయింది. నీరున్నప్పుడు ప్రాణి కూడా ఉండేదా? ఈ ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు.

మరో ముచ్చట! అంగారకుని మీది చిన్న గుంటలకు భూమి మీది చిన్న ఊళ్ల పేర్లు పెడతారు. వాటిలో మన అనంతపురం జిల్లా రాయదుర్గం పేరూ ఉంది.

ఏటి గులకరాయిని, కొండరాయిని పక్కపక్కన పెట్టి చూడండి. ఏది నీటిలో ప్రయాణం చేసిందో మీరే చెప్పగలరు. కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి శాస్త్రజ్ఞులు చేసింది కూడా ఆ పనే!